గ్రావెల్ గుంతలోకి ఊరిన పైపు నీరు

గ్రావెల్ క్వారీ పక్కన పైపులైన్ లీకై కలుషిత నీరు గుంతలోకి ఊరితే, తనిఖీ మొదలవ్వాల్సింది అడుగున నిలిచిన నీటి దగ్గర కాదు, గట్టు కోత దగ్గర. కంకర, ఇసుక కలిసిన నేలలో నీరు ఇట్టే దిగిపోతుంది. బంకమట్టి పొర తగిలితే పక్కకు మళ్లి, ఆ రెండు పొరలు కలిసేచోట బయటికి కారుతుంది. గట్టు మీద తడి చార ఎంత ఎత్తున ఉంది, తెల్లటి ఉప్పు పేరుకుందా, తుప్పు రంగు తేలిందా అన్నవి ముందు చూసి, ఫొటో తీసి రాసుకోవాలి. తడిసిన గట్టు విరిగిపడుతుంది, దాని కిందికి వెళ్లకూడదు. కారింది మురుగైతే గాలికన్నా బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్ పల్లంలో చేరవచ్చు. గ్యాస్ మీటర్ లేకుండా, ఒంటరిగా అందులోకి దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నీటిపై రంగురంగుల పొర కనిపించగానే నూనె అనుకోనక్కర్లేదు. కర్రతో కదిపితే పెంకుల్లా విరిగి అలాగే ఉండిపోయేది సాధారణంగా ఇనుము బాక్టీరియా పొర. విడిపోయి మళ్లీ కలుసుకునేది పెట్రోలియం. ఇది తొలి గుర్తు మాత్రమే, తేల్చాల్సింది ల్యాబే.

మోటార్లు పెట్టి నీరు తోడేయాలన్న తొందరను ఆపాలి. శాంపిల్ తీయకముందే తోడేస్తే సాక్ష్యం పోయినట్లే. పైపులోని నీరు, గట్టు ఊట, గుంత నీరు, ఎగువన ఉన్న బావి నీరు విడివిడిగా తీయాలి. బెంజీన్ లాంటి ఆవిరయ్యే రసాయనాల కోసం గాజు సీసాను గాలి బుడగ లేకుండా నింపి ఐస్ పెట్టెలో పెట్టాలి. ఎగువ శాంపిల్ లేకపోతే, ఆ కాలుష్యం నేలలో ముందే ఉందన్న వాదనకు జవాబుండదు. ఒకే వరసలో లేని మూడు బోర్ల నీటిమట్టం కొలిస్తే భూగర్భజలం ఎటు పోతోందో, ముందు ఏ ఇళ్ల బావులు ఆపించాలో తెలుస్తుంది.

ఎంత కారిందన్నది పైపు యజమాని మాటకు వదిలేయరాదు. అమెరికాలోని నార్త్ డకోటాలో, విలిస్టన్ దగ్గర, చమురు బావుల ఉప్పునీటి పైపు లీకైన సంగతి 2015 జనవరిలో బయటపడింది. మొదట చెప్పిన లెక్క దాదాపు 30 లక్షల గ్యాలన్లు. 2014 ఆగస్టు నుంచే కారుతోందని, మొత్తం 2.9 కోట్ల గ్యాలన్లని తర్వాత తేలింది. పైపులోకి ఎక్కిన నీటికీ అవతల దిగిన నీటికీ నెలవారీ మీటర్ లెక్కలు అడిగి తీసుకోవాల్సింది ఇందుకే.

ఇలాంటి లీకుల నష్టం ఎంతకాలం ఉంటుందో అమెరికాలోనే ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలోని బెమిడ్జి చెబుతుంది. 1979 ఆగస్టులో అక్కడ ముడిచమురు పైపు పగిలి సుమారు 17 లక్షల లీటర్లు ఇసుక, కంకర నేలపై పడ్డాయి. చాలావరకు తీసేసినా 4 లక్షల లీటర్ల దాకా నేలలో మిగిలింది. 1983 నుంచి అమెరికా భూగర్భ సర్వే సంస్థ దాన్ని పరిశీలిస్తోంది. నూనెను తింటున్న సూక్ష్మజీవులు మట్టి రేణువుల మీది ఇనుమును కరిగించడంతో, దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ నీటిలో కలిసింది. లీటరుకు 230 మైక్రోగ్రాముల వరకు కనిపించింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10. పైపులో ఉన్నవాటికే పరీక్ష చేయించి ఊరుకుంటే ఈ విషం పట్టుబడదు. సూక్ష్మజీవులు తినగల పదార్థం ఏది ఇంకినా ఇనుము, మాంగనీసు, ఆర్సెనిక్ పరీక్షలు తప్పనిసరి చేయాలి.

గుంత ఎండినంత మాత్రాన ఫైలు మూయడం తప్పు. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి, ఏళ్ల తరబడి దిగువ బావుల నీరు పరీక్షించి, ఫలితాలు పంచాయతీ బోర్డు మీద అంటించాలి. గుంత పూడ్చడానికైనా, అక్కడి కంకర అమ్మడానికైనా అనుమతి ఆ ఫలితాలు చూశాకే ఇవ్వాలి.