పిట్టను చూడడం నేర్పుదాం

తీతువు పిట్ట రాత్రివేళ ఇంటి మీదుగా కూస్తూ పోతే మన గూడూరు పల్లెలలో నేటికీ కొందరు ఉలిక్కిపడతారు. ఏదో కీడు రానున్నదని చెప్పుకుంటారు. ఆ భయం పిల్లల మనస్సులలోనూ నాటుకుంటుంది. పక్షులను బట్టి శకునం చూడడాన్ని దైవప్రవక్త (స) నిరాకరించారు. అరబీలో దుశ్శకునానికి వాడే ‘తియరహ్’ అనే మాట, పక్షి అని అర్థమిచ్చే ‘తైర్’తో పుట్టినదే. అజ్ఞానకాలపు అరబ్బులు పక్షి ఎగిరిన దిక్కును చూసి ప్రయాణాలు మానుకునేవారు. గుడ్లగూబను గురించిన వారి నమ్మకాన్నీ ప్రవక్త (స) కొట్టివేశారు.

అయితే ‘భయపడవద్దు’ అని చెప్పినంత మాత్రాన భయం పోదు. బిడ్డకు ఆ పిట్టను చూపించాలి. తీతువు చెట్టుపై గూడు కట్టదు. చెరువుగట్టునో బీడుభూమిలోనో గులకరాళ్ళ నడుమ, నేలమీదనే గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా మట్టి రంగులో, మచ్చలతో ఉంటాయి. కుక్క గానీ మనిషి గానీ దగ్గరికి వస్తే అరుస్తూ చుట్టూ తిరుగుతుంది. మనం చావు కబురని వణికిన ఆ కూత, గుడ్ల కోసం ఒక తల్లి పడే ఆరాటం. ఈ సంగతి కళ్ళారా చూసిన పిల్లవాడికి ఇక శకునం ఎందుకు?

పక్షుల పరిశీలనకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఫజ్ర్ నమాజు తరువాతి గంట ఇందుకు అత్యుత్తమ సమయం. ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, చోటు వ్రాయించండి. పిట్ట పిచ్చుకంత ఉన్నదా, గోరువంకంతా, కాకంతా? ముక్కు పొట్టిదా, పొడుగుదా? తోక ఊపుతున్నదా? రంగు చివర చూడవచ్చు. ఎండవాలును బట్టి రంగు మోసం చేస్తుంది. వీలున్నవారు 8×42 దుర్భిణి కొనుక్కోవచ్చు. అది ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుంది. ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. కూతను బట్టి పేరు సూచించే ‘మెర్లిన్’ యాప్ ఉచితంగానే దొరుకుతుంది.

పేర్లు ఇంట్లోని పెద్దలనే అడగండి. మన ఇళ్ళలో ఒక్కో పిట్టకు రెండేసి పేర్లుంటాయి. గోరువంక మైనా, గువ్వ ఫాఖ్తా, గిజిగాడు బయా. మన రాష్ట్రపక్షి పాలపిట్ట నీల్‌కంఠ్. సులైమాన్ (అలై) వృత్తాంతంలోని హుద్‌హుద్ కూడా మన పొలాలలో తిరిగేదే. తలపై విసనకర్ర వంటి కుచ్చు, రెక్కలపై నలుపు తెలుపు చారలు, నేలను పొడిచే పొడవాటి ముక్కు దాని గుర్తులు. అన్నమ్ల్ సూరా చదివే పిల్లలకు దానిని ఒక్కసారి చూపించండి.

భారతదేశపు ‘పక్షి మనిషి’గా పేరొందిన సలీం అలీ 1896లో బొంబాయిలో జన్మించారు. బాల్యంలో తాను కొట్టిన ఒక పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించడంతో, అదేమిటని విచారించారు. ఆ ప్రశ్నే ఆయన జీవితమైంది. 1930ల ఆరంభంలో ఆయన మన హైదరాబాదు సంస్థానంలోనూ పక్షుల సర్వే జరిపారు. ఆయన సర్వే యాత్రలలో భార్య తహ్మీనా వెంట ఉండి శిబిరాల బాధ్యత మోసేవారు. భారతీయ పక్షులపై ఆయన గ్రంథం 1941లో వెలువడింది.

మన పిల్లల చేతుల్లోనూ ఉండేళ్ళున్నాయి. కొందరి వసారాలో చిలుక పంజరాలున్నాయి. అడవి చిలుకను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను పట్టుకోగా, తల్లి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. దానిని బాధపెట్టినదెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇప్పించివేశారు ప్రవక్త (స). కనుక గూటి దగ్గరకు పోరాదు, ఫోటో కోసమైనా సరే.

ఈ నెలలో ఇంటిల్లిపాదీ కలిసి పది పిట్టలను గుర్తించండి. పెరట్లో మట్టిమూకుడులో నీళ్ళు పెట్టి, రోజూ మార్చండి. తరువాత ఒక సెలవునాడు, 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన మన సమీపంలోని పాకాల చెరువుకు వెళ్ళండి. చలికాలమైతే దూరదేశపు అతిథులు కూడా ఉంటారు. గట్టున నిశ్శబ్దంగా కూర్చోండి. సలాము చెప్పినంత మెల్లగా మాట్లాడండి.