గేదెల డాక్టరుకు గుర్రం పరీక్ష

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ వీసా కన్సల్టెన్సీల బోర్డులు చూడండి. ఇంజనీరుకో దారి, నర్సుకో దారి, ఎంబీఏ చేసినవాడికో దారి రంగుల్లో రాసి ఉంటాయి. పశువుల డాక్టరు ఊసుండదు. బీవీఎస్సీ చదివిన కుర్రాడు లోపలికి వెళ్లి అడిగితే మాత్రం కాదనరు. "మీకూ పాయింట్లు వస్తాయండి, ఆస్ట్రేలియా పెట్టేద్దాం" అంటారు. పాయింట్లు వస్తాయన్నది నిజమే. చెప్పనిది ఏమిటంటే, వీసా కొట్టించుకుని దిగినా అక్కడ డాక్టరు హోదాలో ఆవు ఒంటి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. దానికి ఆ దేశపు పశువైద్య మండలి లైసెన్సు కావాలి. వీసా ఇచ్చేది ఒకరు, లైసెన్సు ఇచ్చేది ఇంకొకరు. ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి అమ్మడం వల్లే మన పిల్లలు డబ్బూ, అంతకన్నా ముఖ్యంగా ఏళ్లూ పోగొట్టుకుంటున్నారు.

వీసా సంగతి ముందు చూద్దాం. అమెరికాను పక్కన పెడితే అది పెద్ద చిక్కేమీ కాదు. న్యూజిలాండ్ తన గ్రీన్ లిస్టులో పశువైద్యుల్ని పై వరుసలోనే పెట్టింది. రిజిస్ట్రేషనూ ఉద్యోగమూ ఉంటే నేరుగా నివాస హక్కుకే దరఖాస్తు చేయొచ్చు. కెనడా 2023లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వైద్యరంగానికి విడిగా పిలుపులు మొదలుపెట్టినప్పుడు పశువైద్యుల్నీ అందులో చేర్చింది. బ్రిటన్ 2011లో కొరత జాబితా నుంచి తీసేసిన ఈ వృత్తిని 2019లో మళ్లీ చేర్చుకుంది. కారణం ఊహించదగ్గదే. అక్కడి కబేళాల్లో మాంసానికి ముద్ర వేయాల్సిన అధికారిక పశువైద్యుల్లో అత్యధికులు అప్పట్లో పొరుగు దేశాల్లో చదివినవాళ్లు. బ్రెగ్జిట్‌తో ఆ రాక ఎక్కడ ఆగుతుందోనని అప్పుడు బ్రిటన్ భయం. అన్ని చోట్లా కథ ఇంచుమించు ఒకటే. కొత్తగా పాసైన డాక్టరు నగరంలో కుక్కలూ పిల్లులూ చూసుకుంటానంటాడు, పల్లెలో పాడి మందల దగ్గరికి పోనంటాడు. మన దగ్గరా అంతేగా.

తలుపు తెరిచే ఉంది, తాళం మరోచోట ఉంది. భారతదేశంలో ఒక్క పశువైద్య కళాశాలకూ అమెరికా పశువైద్య సంఘం గుర్తింపు లేదు. తిరుపతి కాలేజీ 1955 నాటిది, రాజేంద్రనగర్‌ది 1946 నాటిది, మన ప్రాంతానికి దగ్గరదైన గన్నవరం ఎన్టీఆర్ కళాశాల 1998లో వచ్చింది. ఏ కాలేజీ అయినా ఒకటే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు చదివిన పట్టా అక్కడ పరీక్ష రాయడానికి అర్హత మాత్రమే. అమెరికాలో ఇసిఎఫ్‌విజి అనే పద్ధతి ఉంది. పత్రాల పరిశీలన, ఇంగ్లిషు, 225 ప్రశ్నల బీసీఎస్ఈ రాతపరీక్ష, ఆపైన మూడు రోజుల ప్రాక్టికల్. అది కాదనుకుంటే పేవ్ అని ఇంకో దారి. అందులో రాతపరీక్ష గట్టెక్కాక అక్కడి గుర్తింపు ఉన్న కాలేజీలో ఏడాది పాటు క్లినిక్‌లో పనిచేసి చూపాలి, ఫీజు మనదే. ఏ దారిలో వచ్చినా 360 ప్రశ్నల నావ్లీ అనే లైసెన్సు పరీక్ష తప్పదు. నావ్లీ కెనడాకూ ఉమ్మడే. బ్రిటన్ రాయల్ కాలేజీ ఐఈఎల్‌టీఎస్‌లో 7 అడుగుతుంది, తర్వాత ఏడాదికొక్కసారి తన పరీక్ష పెడుతుంది. ఆస్ట్రేలియాలో రాతపరీక్ష, దాని వెనక క్లినికల్.

పుస్తకం పరీక్షల్లో మన పిల్లలు తడబడరు. తేలిపోయేది ప్రాక్టికల్‌లో. అమెరికా ప్రాక్టికల్‌లో ఏడు భాగాలు: మత్తు, గుర్రాలు, పాడి–మాంస పశువులు, పోస్టుమార్టం, ఎక్స్‌రే, చిన్న జంతువుల వైద్యం, శస్త్రచికిత్స. గుర్రం దగ్గరికి ఏ పక్క నుంచి వెళ్లాలి, కాలు ఎలా ఎత్తించాలి, కుంటుతున్నది ఏ కాలో నడక చూసి ఎలా పట్టాలి అన్నవి అక్కడ మామూలు ప్రశ్నలు. గోదావరి మెట్టలో పనిచేసే డాక్టరుకు గుర్రం ఎదురయ్యేది పెళ్లి ఊరేగింపులోనే.

అదే డాక్టరుకు ఏం వచ్చో చూడండి. నల్లజర్ల ప్రాంతం 2022 ఏప్రిల్ విభజనలో తూర్పుగోదావరికి వెళ్లింది గానీ పశువులకు జిల్లా తెలీదు. పొద్దున్నే ఆస్పత్రి ముందు గేదెలు కట్టేసి ఉంటాయి. భుజం దాకా గ్లవ్ తొడిగి చెయ్యి లోపలికి పోనిచ్చి, స్కానింగ్ లేకుండా, వేళ్ల కొసలతోనే చూడి కట్టిందో లేదో చెప్పేస్తాడు. దూడ అడ్డం తిరిగితే అర్ధరాత్రి టార్చి లైటు వెలుగులో సరిచేస్తాడు. మాయ పడకపోయినా, పొదుగు వాచినా, గాలికుంటు తగిలినా ఫోను అతనికే. ఒక్క పూటలో ఇన్ని గేదెల్ని చేత్తో పరీక్షించే అవకాశం పాశ్చాత్య దేశాల్లో చదువుకునే పిల్లలకు దొరకదు.

కోళ్ల సంగతి మరీ ముఖ్యం. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో చచ్చిన కోళ్లలో బర్డ్‌ఫ్లూ ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చింది. కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. పీపీఈ కిట్లు తొడుక్కుని ఆ గుంతల పక్కన నిలబడింది మన పశుసంవర్ధక శాఖ డాక్టర్లే. అంతకు ఏడాది ముందు, 2024 మార్చిలో, అదే జాతి వైరస్ అమెరికాలో పాడి ఆవులకు సోకినట్టు బయటపడి ఆ దేశం తలపట్టుకుంది. ఇంతటి అనుభవం ఉన్నవాడు వస్తానంటే ఎదురెళ్లి పిలుచుకోవాలి. కానీ ఆ అనుభవానికి లైసెన్సు లెక్కలో ఒక్క మార్కూ లేదు. ఒంగోలు గిత్త బ్రెజిల్ చేరి నెలోర్ పేరుతో అక్కడి మందల్ని ఏలుతోంది; దాన్ని అడగని పరీక్షలు దాని డాక్టర్ని అడుగుతున్నారు. ఆ దేశాల పక్షపాతాన్ని మనం మార్చలేం. మన వైపు సర్దుకోవాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా చిల్లరగా కనిపించి ఎక్కువ ఏడిపించేది పేరు. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా, డిగ్రీలో చివర్న. ఈ ముగ్గురూ ఒకడేనని పై దేశపు గుమస్తాను అఫిడవిట్లతో ఒప్పించాలి. మార్కుల వివరాలు విశ్వవిద్యాలయం నుంచి సీలు కవర్లో నేరుగా పోవాలి, ఇక్కడి పశువైద్య మండలి నుంచి సత్ప్రవర్తన పత్రం పోవాలి. 2005లో తిరుపతి వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పుట్టకముందు చదివినవాళ్ల పట్టా రంగా వ్యవసాయ వర్సిటీది, కాలేజీ ఇప్పుడు మరొకరిది. రాజేంద్రనగర్‌లో చదివిన ఆంధ్ర పిల్లలకైతే రాష్ట్రమే మారిపోయింది. ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలుసుకోవడమే ఒక పని.

ఇక అమెరికా. రాష్ట్ర లైసెన్సు చేతిలో లేకుండా డాక్టరుగా హెచ్‌1బీ దరఖాస్తు నిలబడదు. ప్రాక్టికల్‌కు వెళ్లాలన్నా ముందు ఒక విజిటర్ వీసా కావాలి. అన్నీ అయ్యాక 85 వేల వీసాలకు లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుం ప్రకటించాక, పల్లెటూరి క్లినిక్కు ఏదీ విదేశీయుడి కోసం అంత సొమ్ము పెట్టదు. విశ్వవిద్యాలయాలకు లాటరీ బెడద లేదు గనక ఎమ్మెస్, పీహెచ్‌డీ చేసి అక్కడే పరిశోధనలో కుదురుకోవడం మనవాళ్లకు పాత దారి. మరో దారిలో వెళ్లేవాళ్ల గురించి మనం మాట్లాడనే మాట్లాడం. సాఫ్ట్‌వేర్ భర్త వెంట హెచ్‌4 మీద వెళ్లిన మన అమ్మాయిలు. ఇక్కడ డాక్టరమ్మ, అక్కడ పని అనుమతి కోసం భర్త గ్రీన్‌కార్డు పిటిషన్‌కు ఆమోదం వచ్చేదాకా ఎదురుచూపు, ఆ తర్వాత కుక్కల్ని పట్టుకునే సహాయకురాలి కొలువు, రాత్రిళ్లు నావ్లీ చదువు. పెళ్లిచూపుల్లో "అక్కడ మీ అమ్మాయి చదువుకు మంచి డిమాండండీ" అని చెప్పిన పెద్దలు మధ్యలో పోయే ఈ ఏళ్ల లెక్క చెప్పలేదు. డిమాండ్ నిజం, 2023లో అక్కడి పశువైద్యుల మధ్యస్థ వేతనం లక్షా 19 వేల డాలర్లు. అది లైసెన్సు ఉన్నవాళ్ల లెక్క.

ప్రజల సొమ్ముతో చదివి పోతారా అనే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. కానీ 2025 ఫిబ్రవరిలో మన పశువైద్య విద్యార్థులు తరగతులు మానేసి కూర్చున్నది విమానం టిక్కెట్ల కోసం కాదు, నెలకు ఏడు వేల ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పెంచమని. అదే ఊళ్లో మనుషుల డాక్టరు ఇంటర్న్‌కు దక్కే మొత్తంతో పోల్చి చూస్తే వాళ్ల కోపం అర్థమవుతుంది. 2022లో 175 పశువుల అంబులెన్సులు రోడ్డెక్కాయి, 1962 నంబరుకు ఫోను చేస్తే బండి వస్తోంది, మంచిదే. ఆ బండిలో ఎక్కే డాక్టరుకు పక్కా కొలువు, ఏటేటా నియామకాలు ఉంటే వెళ్లేవాళ్లలో సగం మంది ఆలోచన మారుతుందని నా నమ్మకం. మిగతా సగం ఎలాగూ వెళ్తారు. వాళ్లు డాక్టర్లుగా వెళ్లాలా, సహాయకులుగా వెళ్లాలా అన్నదే మన చేతుల్లో ఉన్నది.

కళాశాలలకు అంతర్జాతీయ గుర్తింపు రావడం ఖరీదైన పని, దశాబ్దం పట్టినా ఆశ్చర్యం లేదు. ఈలోగా చేయగలిగింది ఉంది. విశ్వవిద్యాలయంలో ఒక గది, ఒక ఉద్యోగి, పై దేశాలకు పంపే పత్రాలన్నీ అక్కడి నుంచే. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కోరుకున్నవాళ్లకు రెండు వారాలు మలక్‌పేట రేసుకోర్సులోనో, పోలీసు గుర్రాల శాల దగ్గరో శిక్షణ. హైదరాబాద్‌కు రెండు లేఖలు రాస్తే మొదలయ్యే పని ఇది.