ఏ బ్రాంచి? ఎవరు ఎంచుకుంటున్నారు?

జంషెడ్‌పూర్ తెలుగు బస్తీల్లో పదో తరగతి దాటిన కుర్రాడికి పెద్దలు చెప్పే మాట: "ఆర్మీకి పో". శ్రీకాకుళం వైపు నుంచి టాటా కంపెనీ పనికి వచ్చిన తరానికి పర్మనెంటు నౌకరీ ఒక భరోసా. మనవళ్ల ముందు ఎక్కువగా కాంట్రాక్టు పని ఉంది. అందుకే పెన్షన్ ఇచ్చే యజమాని సైన్యమేనన్న నమ్మకం ఇంకా పోలేదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ఆ పెన్షన్‌నూ తీసేసింది. నాలుగేళ్ల కొలువు, తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందికే కొనసాగింపు.

రిటైరైన సైనికుల సలహాల్లో సగం ఏ బ్రాంచిలో చేరాలన్నదాని గురించే. ఇన్‌ఫాంట్రీలో పరువు ఉంది. ఇంజనీర్స్‌లోనో సిగ్నల్స్‌లోనో చేరితే బయటికొచ్చాక చేతిలో పని ఉంటుంది. మంచి సలహానే. అయితే ఎంచుకునే వీలు అందరికీ ఒకేలా లేదు.

బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో, సుబేదార్ ఇంట్లో. 1890ల మొదట్లో, 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పేరు చెప్పి, బ్రిటిష్ వాళ్లు మహర్లకు సైన్యం తలుపులు మూసేశారు. ఈ అన్యాయంపై అర్జీ రాసిన గోపాల్ బాబా వలంగ్‌కర్ కూడా మాజీ సైనికుడే. 1941లో అంబేడ్కర్ వైస్రాయ్ డిఫెన్స్ అడ్వైజరీ కమిటీలో ఉండగా మహర్ రెజిమెంట్ ఏర్పడింది. 1943లో పుట్టిన చమార్ రెజిమెంట్‌నైతే, జపాన్‌తో పోరాడించి, 1946లో రద్దు చేశారు. అవసరం ఉన్నప్పుడు వీరులు, తీరాక అనర్హులు!

మహర్ రెజిమెంట్ నుంచి ఇద్దరు సైన్యాధిపతులు వచ్చారు: తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావు, జనరల్ సుందర్‌జీ. ఇద్దరూ మహర్లు కారు. రెజిమెంట్ పేరు ఎవరిది, దాన్ని నడిపే హోదా ఎవరికి అన్నవి వేర్వేరు ప్రశ్నలని దీన్నిబట్టి అర్థమవుతుంది.

జార్ఖండ్‌కే వస్తే, గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా 1962లో బీహార్ రెజిమెంట్‌లో చేరి, తర్వాత 14 గార్డ్స్‌కు మారాడు. 1971 డిసెంబరులో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందాడు. 1949లో ఏర్పడిన గార్డ్స్ కులం, ప్రాంతం చూడకుండా అందర్నీ కలిపిన దళం. అది సాధ్యమని ఏడు దశాబ్దాల కిందే తేలింది. అయినా రాష్ట్రపతి అంగరక్షక దళంలో భర్తీ ఇప్పటికీ జాట్, రాజ్‌పుత్, జాట్ సిక్కులకే.

ఎవరూ పెద్దగా మాట్లాడని బ్రాంచి ఇంకోటుంది: ట్రేడ్స్‌మన్. వంట, బట్టలుతకడం, క్షవరం, హౌస్ కీపింగ్. ఎనిమిదో తరగతి పాసైనవాళ్లకు తెరిచి ఉంచినవి హౌస్ కీపర్, మెస్ కీపర్ పోస్టులు. నిన్నటిదాకా 'సఫాయీవాలా' అన్న పేరే ఇప్పుడు హౌస్ కీపర్ అయింది. ఇంగ్లీషు పేరు పెడితే చీపురు మారదు కదా. బడి మానేసిన కుర్రాడు ఎవరో, అతని తాత ఏ పని చేశాడో మనకు తెలుసు. యూనిఫాం వేసినా కులవృత్తి దగ్గరికే చేరడాన్ని ఎంపిక అనలేం.

సైనికుల భర్తీలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ లేదు. 'మెరిట్' వాదనకు సైన్యం కంచుకోట. ఆ మెరిట్ నిజమైతే లెక్క చూపడానికి అభ్యంతరం ఉండకూడదు. టెక్నికల్, జనరల్ డ్యూటీ, ట్రేడ్స్‌మన్ విభాగాల్లో ఏ సామాజిక వర్గం నుంచి ఎంతమంది ఉన్నారో, నాలుగేళ్లయ్యాక ఆ 25 శాతంలో ఎవరు మిగిలారో రక్షణ శాఖ పార్లమెంటు ముందు పెట్టాలి. అగ్నివీరుల మొదటి బ్యాచ్ బయటికి వచ్చేటప్పుడే ఆ లెక్క అడగాలి.