జెల్లీ బిళ్ల... ఇంట్లోనే!

వేసవి సెలవులొచ్చాయంటే అమ్మలకు రెండు ప్రశ్నలు. రోజంతా పిల్లలకు ఏం పని చెప్పాలన్నది ఒకటి. గంటకోసారి వంటింట్లోకి తొంగిచూసే వాళ్లకు ఏం పెట్టాలన్నది రెండోది. ఈలోగా చేతిలో పది రూపాయలు పడితే చాలు, వీధి చివరి కిరాణా కొట్టుకు పరుగో పరుగు! తిరిగొచ్చేటప్పుడు గుప్పెట్లో రంగురంగుల జెల్లీ బిళ్లలు.

షాద్‌నగర్ లాంటి చోట ఇది మరీ చిత్రం. హైదరాబాద్ నుంచి శంషాబాద్ దాటి బెంగళూరు వైపు సాగే దారిలోని ఊరు అది. వానలు తగ్గుముఖం పట్టే వేళకు ఆ దారి పక్కన సీతాఫలాల గంపలు బారులు తీరతాయి. ఇంకాస్త ముందుకెళితే బాలానగర్. సీతాఫలాల్లో పేరున్న 'బాలానగర్' రకానికి ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే. సీతాఫలం కాకుంటే జామ, జామ కాకుంటే మామిడి. ఇన్ని పండ్లు చేతికందే దూరంలో ఉన్నా పిల్లల మనసు మాత్రం పండు వాసన అద్దిన బిళ్ల మీదే. వద్దని గదమాయిస్తే మానతారా? అంతకంటే ఆ బిళ్లను వాళ్లతోనే చేయిస్తే సరి.

సాగే గుణం ఎక్కడిది?

ఎలుగుబంటి బొమ్మల్లాంటి జెల్లీ మిఠాయిని 1922లో జర్మనీలోని బాన్ నగరంలో హన్స్ రీగెల్ తొలిసారి తయారుచేశాడు. ఇప్పుడు బజారులో దొరికే ఇలాంటి బిళ్లల్లో చాలావాటికి సాగే గుణాన్నిచ్చేది జెలటిన్. పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు దాన్ని. శాకాహారుల ఇళ్లలో ప్యాకెట్ తిప్పి చూసుకోవాల్సింది అందుకే. జెలటిన్‌తో ఇంకో చిక్కూ ఉంది. వేడికి ఇట్టే కరిగిపోతుంది. మే నెల ఎండలో ఇంట్లో చేసిన జెలటిన్ జెల్లీని బల్లమీద పెడితే కాసేపటికి మిగిలేది పానకమే!

సరిగ్గా ఈ చిక్కే ఒకప్పుడు శాస్త్రవేత్తలకూ వచ్చింది. జర్మనీలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో సూక్ష్మక్రిముల్ని జెలటిన్ మీద పెంచేవారు. ఎండాకాలం అది కరిగిపోయి శ్రమంతా వృథా అయ్యేది. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సే భార్య ఫానీ, 1881లో ఒక ఉపాయం చెప్పింది. తన వంటింటి జెల్లీలు ఎండకు కరగవనీ, వాటిలో వేసే అగర్ అగర్ వాడి చూడమనీ! ఆ వంటింటి చిట్కా ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. నేటికీ వాడుతున్నారు.

సముద్రపు నాచు నుంచి తీసే ఆ అగర్ అగర్‌నే మన కొట్లలో 'చైనా గ్రాస్' అంటారు. పొడిగానూ దొరుకుతుంది, పీచుగానూ దొరుకుతుంది. ఒకసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరగడానికి దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. షాద్‌నగర్ ఎండ దాన్నేం చేస్తుంది?

మామిడి బిళ్లలు

కావలసినవి: పీచులేని మామిడి గుజ్జు ఒక కప్పు, చైనా గ్రాస్ పొడి రెండు చెంచాలు, నీళ్లు అరకప్పు, చక్కెర రెండు పెద్ద చెంచాలు. పండు తియ్యగా ఉంటే చక్కెర ఇంకా తగ్గించొచ్చు.

పండ్లు కడగడం, పిసికి గుజ్జు తీయడం, జల్లెడ పట్టడం, చక్కెర కొలవడం... ఇవన్నీ పిల్లల పనులు. పొయ్యి దగ్గర పని మాత్రం పెద్దవాళ్లదే. నీళ్లలో పొడి కలిపి, కలుపుతూ రెండు మూడు నిమిషాలు బాగా మరిగించాలి. పలుకు లేకుండా కరగాలి. వేరే గిన్నెలో గుజ్జు, చక్కెర కలిపి వేడిచేసి అందులో ఈ నీళ్లు పోసి కలిపేయాలి. గుజ్జు చల్లగా ఉంటే ఉండలు కడుతుంది, జాగ్రత్త. పుల్లటి పండు రసంలోనే పొడి వేసి మరిగిస్తే సరిగ్గా గట్టిపడదు. నీళ్లలో విడిగా మరిగించేది అందుకే.

అచ్చులు కొనక్కర్లేదు. నెయ్యి రాసిన ఇడ్లీ ప్లేట్లు, ఐస్ ట్రేలు చాలు. ఎండలు మండే రోజైతే చల్లారాక కాసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. 'నానమ్మా, గట్టిపడిందా?' అని అయిదు నిమిషాలకోసారి వేలు పెట్టి చూసేవాళ్లు ఎలాగూ ఉంటారు! ముక్కలు కోసి ఒక రాత్రి ఫ్యాను కింద ఆరనిస్తే పైన కాస్త బిరుసెక్కుతాయి. బజారు బిళ్లలా సాగవు, పుటుక్కున తెగుతాయి. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పడం మంచిది. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి.

జామకు ఏదీ అక్కర్లేదు

జామపండుకు చైనా గ్రాస్ కూడా వద్దు. గడ్డకట్టించే పెక్టిన్ దానిలోనే ఉంది. కిలో పండ్లు ఉడికించి, జల్లెడలో గింజలు తీసేసి, ముప్పావు కిలో చక్కెర, ఒక నిమ్మకాయ రసం కలిపి దగ్గరపడే దాకా కలుపుతూ ఉండాలి. గిన్నె అంచులు వదిలాక నెయ్యి రాసిన పళ్లెంలో పోసి ముక్కలు కోసుకోవడమే. ఉడికేటప్పుడు చిందుతుంది కనుక పిల్లల్ని దూరంగా ఉంచాలి.

సీతాఫలాన్ని మాత్రం పొయ్యి ఎక్కించొద్దు. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది. దాన్ని చెట్టు ఇచ్చినట్టే తినడం మేలు.

చక్కెర ఎవరు కొలవాలి?

ఇంట్లో చేసినంత మాత్రాన మిఠాయి మందైపోదు. పళ్లకు అంటుకునేదే, చక్కెర ఉన్నదే. రోజూ తినే శక్తిలో చక్కెరల వాటా 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1500 కేలరీలు తినే పిల్లాడికి అది 37 గ్రాములు, అంటే సుమారు తొమ్మిది చెంచాలు. పాలలో, బిస్కెట్లలో, కూల్‌డ్రింకుల్లో పడేదంతా కలిపి!

ఈ లెక్క పిల్లలకు నోటితో చెబితే ఆవులిస్తారు. అదే జామ గుజ్జులోకి ముప్పావు కిలో చక్కెర వాళ్లతోనే తూకం వేయించండి. 'అమ్మో, ఇంతా!' అని వాళ్లే అంటారు. ఆ తర్వాత కొట్లో ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఇందులో ఎంత ఉందోనని తిప్పి చూస్తారు. ఆ ఒక్క అలవాటు కోసమైనా వంటిల్లు ఒక పూట పాడవనివ్వొచ్చు.

అన్నట్టు, నాలుగేళ్ల లోపు చిన్నారులకు బిళ్లను అలాగే ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. చిన్న చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి, పక్కనే ఉండి తినిపించండి.