వ్రాయని డైరీలు

ప్రతి సంవత్సరమును జనవరి నెల ప్రవేశించినది మొదలు మన జిల్లా పత్రికల పుటలలో తప్పక దర్శనమిచ్చు ఛాయాచిత్రమొకటి కలదు. ఉద్యోగసంఘమువారో, ఉపాధ్యాయసంఘమువారో, వర్తకసంఘమువారో పదిపన్నెండుమంది వరుసగా నిలుచుండి, నడుమ కలెక్టరుగారినో శాసనసభ్యునో నిలుపుకొని, తలకొక డైరీని రొమ్మునకెదురుగా ఎత్తిపట్టి కెమెరావంక చూచుచుందురు. క్రింద ‘నూతన సంవత్సర డైరీ ఆవిష్కరణ’ అని అచ్చుపడియుండును. 2016 అక్టోబరులో పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు రెండును చీలి ఎనిమిదైన తరువాత కలెక్టరులు ఎనమండుగురైరి, సంఘముల జిల్లాశాఖలును ఆ లెక్కకే పెరిగినవి, వానితోపాటు ఆవిష్కరణలును పెరిగినవి. ఈ వారము ఒక్క పుటలోనే ఇట్టి చిత్రములు పైనను క్రిందను నిండియుండుట చూచి నా మనస్సు నొచ్చినది.

డైరీలు అచ్చువేయుట తప్పని నేననను. అందులో అధికారుల ఫోను నంబరులు, సెలవు దినముల పట్టిక, కరువుభత్యపు లెక్కలు, ప్రభుత్వోత్తర్వుల సారాంశములు ఉండును. అవి అక్కరకు వచ్చునవియే. నా బాధ యేమనగా, ఆ ముద్రిత విషయము ముగిసిన పిమ్మట తేదీ తప్ప మరేమియు లేక తెల్లగా నిలిచియుండు మూడువందల అరువదియైదు పుటలను గూర్చి ఆ సభలో ఒక్కరైనను ఒక్క మాట పలుకరు. పాలవాని లెక్కయో, చిట్టీ వాయిదాయో వ్రాసికొన్నను మేలే యనుకొందును. అదియు లేక ఆ పుస్తకము మరుసటి దీపావళి నాటికి ఇల్లు దులుపునప్పుడు పాతకాగితముల తూకములో చేరిపోవును. వ్రాసిన డైరీలకును గతి ఇదియే యని మొన్నటి సంఘటనమొకటి నాకు తెలిపినది. మా వీధిలో గతించిన ఒక ఉపాధ్యాయుని పాత పెంకుటిల్లు విప్పి మేడ కట్టుటకు పూనుకొనిరి. ఆయన జీవితకాలమంతయు నలుపుసిరాతో వ్రాసికొన్న పుస్తకములు ఇనుపపెట్టెతోసహా పాత సామాను కొనువాని బండి యెక్కుచుండగా నేను వారించితిని. ఆ ఇంటి కుమారుడు మర్యాదగలవాడే. “ఏమున్నది సార్, అన్ని పాత కాయితాలే గదా, మా బాపు ఊకె ఏదో రాసుకునేటోడు” అని నిర్మలముగా పలికెను. ఆతని నేమని నిందింతును? తండ్రి వ్రాసినదానిని చదువవలయునని ఆతనికి ఎవ్వరును చెప్పియుండలేదు.

కళాశాలలో చదువుకొను దినములనుండి నేనును దినచర్య వ్రాయుచున్నవాడను. జ్వరములు, బదిలీలు, పెండ్లిండ్లు, చావులు నడుమ వచ్చి వ్రాత నిలిచిన కాలములు లేకపోలేదుగాని, అలవాటు మాత్రము తెగిపోలేదు. ఇన్నేండ్లకు ఆ పుస్తకములను తిరుగవేయునప్పుడు నాకు విస్పష్టముగా గోచరించినది ఒక్కటే. జీవితమును గూర్చియు, దేశమును గూర్చియు ఆవేశముతో నింపిన పుటలు నేడు నాతో మాటలాడవు. వానిని ఎవ్వరైనను వ్రాసియుండవచ్చును. మానేరు జలాశయము నిండి గేట్లు ఎత్తిన రాత్రి ఊరిజనమంతయు కట్టమీదికి నడచిపోయిన సంగతి, మెట్‌పల్లి మార్కెట్టులో పసుపునకు ఆనాడు పలికిన ధర, మక్కచేనికి కావలిపోయిన మా నాయన మంచెమీద పాడుకొన్న పాట మొదటి మాటలు, పెద్దపల్లి బస్సులో నా ప్రక్కను కూర్చుండిన ముసలమ్మ తన కోడలిని గూర్చి చెప్పిన చల్లని మాట, ఇవి నాలుగైదు పంక్తులకు మించనివైనను, చదివినప్పుడెల్ల ఆ దినము వాసనతోసహా లేచివచ్చి ఎదుట కూర్చుండును. గొప్ప విషయములను చరిత్రకారులు వ్రాసికొందురు. ఈ చిన్న విషయములను ఆ దినమున అచట నున్నవాడు వ్రాయకున్న మరి వ్రాయువాడు లేడు.

ఎవ్వరికొరకు వ్రాయుట యను ప్రశ్న తోడనే పుట్టును. ఈ ప్రశ్నకు మన భాషలోనే దివ్యమైన సమాధానమొకటి నూటతొంబది యేండ్లకు పూర్వమే లభించియున్నది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పరివారసమేతముగా కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిరి. దారిపొడుగునను దినదినము చూచినదెల్ల వ్రాసి, తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతించిరి. ఆ వ్రాతలను భద్రపరచిన మిత్రుడే 1838లో వానిని గ్రంథముగా అచ్చువేయించెను. అనగా, ఆ దినచర్య లోకమును ఉద్ధరించుటకు వ్రాసినది కాదు, పెట్టెలో తాళము వేసికొనుటకు వ్రాసినదియు కాదు. చెన్నపట్టణమున తన జాబుకొరకు ఎదురుచూచు ఒక్క మనుష్యుని ముఖమును తలచుకొని వ్రాసినది. అందుచేతనే ఆ వాక్యములలో బిగువు లేదు, డంబము లేదు. బసయెట్టిది, నీరెట్టిది, దుకాణములలో ఏమి దొరకును, బాట రాతిదా బురదదా యని బోయీల కాళ్ళవంక చూచుచు వ్రాసిన మనిషి మనకు కనబడును.

ఆ యాత్రలో వారు హైదరాబాదునుండి నాగపూరునకు పోయిన బాట మన సీమనడుమనుండియే పోయినది. ఆర్మూరు దాటి, గోదావరి దాటి, నిర్మల మీదుగా, ఆదిలాబాదు అడవులలోనుండి ఆ వర్షాకాలమున వారు సాగిపోయిరి. నేడు ఆ దారియే 44వ నంబరు జాతీయరహదారియై, దినమునకు వేలకొలది వాహనములు దానిమీద పరుగిడుచున్నవి. ఆ వాహనములలో కూర్చున్నవారిలో నిర్మల ఘాటులో తాము కన్నదానిని రాత్రి నాలుగు పంక్తులు వ్రాసి మిత్రునికి పంపువారు ఉన్నయెడల వారిని నేను పాదాభివందనము చేసి సన్మానింపగలను. దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో ఆ గ్రంథమును పరిశోధించి తిరిగి ప్రకటింపకున్నచో, వీరాస్వామయ్యగారిని కూడ మనము మరచియుందుము.

మన సీమ దైనందినజీవితమును ఇంతకన్న విపులముగా వ్రాసినవాడు మనవాడు కాకపోవుట నా రెండవ వేదన. వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ అను పండితుడు, 1940లో జోడెఘాటున గోండుల నాయకుడైన కుమ్రం భీము నేలకొరిగిన తరువాత కొలదికాలమునకే నిజాము ప్రభుత్వముచేత నియుక్తుడై వచ్చి, భార్యయైన బెట్టీ ఎలిజబెత్తుతోకూడ మార్లవాయి గూడెమున నివసించెను. గోండుల పండుగలు, పొలములు, తగవులు, పెండ్లిండ్లు ఆయన నోటుపుస్తకములకెక్కి, 1948లో ‘ఆదిలాబాదు రాజగోండులు’ అను విషయముపై గొప్ప ఆంగ్లగ్రంథముగా వెలువడినవి. ఆ పుణ్యాత్మురాలు 1987లో గతింపగా మార్లవాయిలోనే సమాధియైనది. గోండులు నేటికిని ఆ దంపతులను తమ పెద్దలవలె తలచుకొందురు. ఆయన నోటుపుస్తకములు, ఛాయాచిత్రములు మాత్రము లండను విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున నున్నవి. మా జైనూరు, ఉట్నూరు బిడ్డ తన తాతకాలపు పండుగ ఎట్లు జరిగెనో తెలిసికొనుటకు సముద్రములు దాటవలసియున్నది. ఆ విదేశీయునిపై నాకు కృతజ్ఞతయే కాని కోపము లేదు. ప్రతిరాత్రియు వ్రాయు ఓర్పు ఆయనకుండెను, మనకు లేకపోయెను.

మనవారికి వ్రాత తెలియదనుట మాత్రము శుద్ధ అబద్ధము. నార్నూరు మండలమందలి గుంజాల గ్రామమున గోండులు తమ భాషకు తామే కల్పించుకొన్న లిపిలో వ్రాసిన ప్రతులను తరతరములుగా ఇండ్లలో దాచుకొనియుండిరి. ఆ ప్రతులను పండితులు పరిశీలించిన పిమ్మట, 2018లో ఆ గుంజాల గోండి లిపికి యూనికోడునందు స్థానము లభించినది. కంప్యూటరులకెక్కిన ఆ అక్షరములు ఏ రాజకోటలోనో కాదు, గూడెపుటిండ్లలో బ్రతికినవి. ఎవ్వరును తూకమునకు అమ్మలేదు కనుకనే బ్రతికినవి. ఆదిలాబాదులో ఉపాధ్యాయవృత్తిలో నుండి, ఉర్దూ, పారశీ, మరాఠీ భాషలనెల్ల తనవిగా చేసికొన్న సామల సదాశివగారు ‘యాది’ యని తమ జ్ఞాపకములను వ్రాసినప్పుడు, విద్వాంసులు, కవులు, మిత్రులు వచ్చి మన అరుగుమీద కూర్చున్నట్లే యుండెను. ఆయన ‘స్వరలయలు’ గ్రంథమునకు 2011 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. రాజధానికి అంతదూరముననుండి ఒక పంతులు వ్రాసికొన్న మాటలకు దేశము తలయొగ్గినదనుట మనము నిత్యము స్మరింపదగిన సంగతి.

ఇక సామాన్యుల వ్రాతలకు వత్తును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి దుబాయికి, మస్కటునకు, సౌదీకి పోయిన కూలీలు ఒకప్పుడు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములు ఎన్ని లక్షలుండునో ఊహింపుడు. వ్రాయనేరనివారు క్యాసెట్టులో మాటలు నింపి, ఊరికి వచ్చు మిత్రునిచేతికిచ్చి పంపెడివారు. ఇంటివద్ద తల్లి టేపురికార్డరు ముందు కూర్చుండి, కొడుకు గొంతు దగ్గును కూడ గుర్తుపట్టి ఏడ్చెడిది. బాల్యమున మా వాడలోని తల్లులకు ఆ ఉత్తరములను చదివిపెట్టి, జవాబులు వ్రాసిపెట్టినవారిలో నేనొకడను. ‘నువ్వు పైలం కొడుకా’ అను మాట వ్రాయకుండ ఏ తల్లియు నన్ను విడిచిపెట్టలేదు. వలసపోయినవారి నిజమైన చరిత్ర ఆ కాగితములలోను, ఆ క్యాసెట్టులలోను మాత్రమే కలదు. ప్రభుత్వపు పాసుపోర్టు లెక్కలలో లేదు. ఇపుడు ఫోనులోనే ముఖములు చూచుకొని మాటలాడుచున్నారు. ఎడబాటునకు అది గొప్ప ఉపశమనమని ఒప్పుకొందును. కాని ఫోను నీటిలో పడిననాడు ఏండ్ల సంభాషణమంతయు ఆవిరియగుచున్నది, మరునాటికి ఒక్క మాట మిగులుటలేదు.

మధ్యమానేరు ముంపు గ్రామములను తలచుకొన్నప్పుడు నాకు నిద్రపట్టదు. మాన్వాడవద్ద కట్టిన ఆ ఆనకట్టవెనుక ఇరువదియైదు టీఎంసీలకు పైబడిన నీరు నిలుచును. ఆ నీటిక్రింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చింతల్‌ఠాణా, సంకెపల్లి, అనుపురము మొదలగు ఊళ్ళ ఇండ్లును, పొలములును కలవు. భూసేకరణ దస్త్రములలో ఎన్ని ఎకరములు, ఎన్ని గుంటలు, ఎన్ని బావులు, ఎన్ని చెట్లు, ఇంటిగోడ ఎన్ని అడుగులు అను లెక్క గుంటకు గుంట కలదు. పరిహారమునకు అది కావలసినదే. బతుకమ్మను ఏ వేపచెట్టుక్రింద పేర్చిరో, ఏ అరుగుమీద పంచాయితీ కూర్చుండెనో, మొదటి ట్రాక్టరు వచ్చిననాడు దానివెంట ఎవరెవరు పరుగెత్తిరో ఆ దస్త్రము అడుగదు. ఆ ఊళ్ళలో ప్రతి ఇంట ఒక్కరు, పాలలెక్కతో పాటు దినమునకొక్క పంక్తి వ్రాసియున్నచో, నేడు పునరావాస కాలనీలో పుట్టుచున్న బిడ్డ తన ఊరిని చదువుకొనగలిగెడిది. ఊరిని చూచినవారు ఇంకను జీవించియున్నారు. ఆ కాలనీలలోని యువకులు ఉద్యోగప్రకటనలకొరకు ఎదురుచూచు సాయంకాలములలో ఒక్క గంట తమ అవ్వ ప్రక్కను కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు, ఆమె యాసలోనే, వ్రాయుట నేడే ఆరంభింపవలెనని ఈ పత్రికాముఖమున ప్రార్థించుచున్నాను.

ఇట్లు వ్రాసినవి దాచునదెచ్చట? ఇచట నాకు గ్రంథాలయములపై ఎంతోకాలముగా నున్న ఆగ్రహము మరల మేల్కొనుచున్నది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు సెస్సుగా చేరును. వసూలైన ఆ ధనమును పురపాలకసంఘములు, పంచాయతీలు గ్రంథాలయ సంస్థలకు పూర్తిగా జమచేయకుండుట ఎల్లరెరిగిన సంగతి. జిల్లా కేంద్ర గ్రంథాలయములు పోటీపరీక్షల అభ్యర్థులతో క్రిక్కిరిసియున్నవి. ఆ బిడ్డలకు కుర్చీలు, ఫ్యానులు, వెలుతురు చాలినంత లేకపోవుట మరియొక అన్యాయము. వారిని లేవగొట్టుమని నేననుటలేదు. కాని పరీక్షపుస్తకముల బీరువాల సరసను ఈ సీమ ప్రజలు స్వహస్తములతో వ్రాసిన పుస్తకములకు ఒక్క అరయైనను లేకపోవుట ఏమి న్యాయము? కొత్తగా వెలసిన జిల్లాలలో సమీకృత కలెక్టరేటు భవనములు ఎంత విశాలముగా లేచినవి! ఆ ఆవరణములలో రైతు దినచర్యకు, బీడీకార్మికురాలి లెక్కపుస్తకమునకు, సింగరేణి కార్మికుని ఉత్తరములకు ఒక గది దొరకదా?

ఈ నెల ముగియులోపల జిల్లా గ్రంథాలయ సంస్థవారికి ఒక కోరికపత్రము నిచ్చుచున్నాను. చేతివ్రాతపుస్తకములకు ఒక గది, చెదలు సోకని ఇనుపబీరువాలు, పుటపుటను స్కానుచేయు యంత్రము, ఆ పని తెలిసిన ఉద్యోగి ఒక్కడు, ఇంతకుమించి కోరుటలేదు. తోడుగా ఒక నిబంధనను కూడ చేర్చితిని. వ్రాసినవారుగాని, వారి కుటుంబమువారుగాని చూపవలదన్న పుటను ఎంతటి పరిశోధకునికైనను చూపరాదు. మన ఇండ్లలో స్త్రీలు బియ్యపుడబ్బా అడుగునను, చీరల మడతలలోను దాచుకొని వ్రాసికొన్న పుస్తకములు పురుషుల డైరీలకన్న తక్కువగా లేవని నా దృఢవిశ్వాసము. ఎవ్వరైనను చదువుదురేమోయను భయముచేత వానిని తామే పొయ్యిలో వేసినవారును కలరు. ఆ భయము తీరనిదే ఒక్క పుస్తకమును బయటికి రాదు; కావున ఈ నిబంధననే కోరికపత్రమునకు మొదటి వాక్యముగా వ్రాసితిని.