బాలింత మందు – మారేడు వేరు

ప్రసవించిన తల్లికి దశమూలారిష్టం ఇవ్వడం మన ఆచారం. ఆ పది మూలికలలో ఐదు మారేడు, గుమ్మడిటేకు, కలిగొట్టు వంటి వృక్షాల వేళ్ళు. వేరు పెకలిస్తే చెట్టు నిలువదు.

దేశ జనాభా 1971లో సుమారు 55 కోట్లు. 2011 నాటికి 121 కోట్లు. అడవి ఆ మేరకు పెరగలేదు. గురుకులంలో మా గురువుగారు వేరు త్రవ్విన చోటనే మాచేత విత్తు నాటించేవారు. నేడు నేను అంగడిలో వేళ్ళు కొని కషాయం కాస్తున్నాను; ఆ దోషం నాది కూడా.

గాలి, నీరు, నేల, కాలం చెడితే జనపదాలే నశిస్తాయని చరకసంహిత హెచ్చరించింది. పరిమిత కుటుంబం మంచిదే, కాని అదొక్కటే చాలదు. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటివారూ ఒక మారేడు మొక్క నాటాలి. పెరడు లేనివారు దేవాలయ ఆవరణలోనైనా నాటవచ్చు. తల్లి సేవించిన ఔషధపు ఋణం అలాగే తీరుతుంది.