తప్పు ఏ పంక్తిలో ఉంది?

విద్యార్థులారా! ఒకటి, రెండు సమానమని ఎవరైనా అంటే మీరు నవ్వుతారు. అదే మాటను నల్లబల్ల మీద వరుసగా లెక్క చేసి చూపిస్తే? కాగితం, పెన్సిలు తీసుకుని ఈ పంక్తులను మీరే రాసి చూడండి. క, గ అనేవి సమానమైన రెండు సంఖ్యలు అనుకుందాం.

1) క = గ
2) రెండు వైపులా ‘క’తో గుణిస్తే, క×క = క×గ
3) రెండు వైపుల నుంచి గ×గ తీసివేస్తే, క×క − గ×గ = క×గ − గ×గ
4) కారణాంకాలుగా రాస్తే, (క + గ)(క − గ) = గ(క − గ)
5) రెండు వైపులా (క − గ)ను కొట్టివేస్తే, క + గ = గ
6) క, గ సమానం కనుక 2గ = గ. అంటే 2 = 1!

జవాబు తప్పని అందరికీ తెలుసు. కాని ‘జవాబు తప్పు’ అనడం వేరు, ‘ఫలానా పంక్తి తప్పు, ఫలానా కారణం చేత’ అని చూపడం వేరు. ఈ రెండో పనిని మన బడుల్లో నేర్పాలని, పరీక్షల్లో అడగాలని నా అభిప్రాయం.

పై లెక్కలో తప్పు అయిదో పంక్తిలో ఉంది. క, గ సమానమైతే (క − గ) సున్న అవుతుంది. మనం కొట్టివేసింది సున్ననే. సున్నతో భాగించరాదని మీరు బట్టీ పట్టే ఉంటారు. ఎందుకు భాగించరాదు? ఆరును రెండుతో భాగిస్తే మూడు. ఎందుకంటే మూడు రెళ్లు ఆరు. మరి ఆరును సున్నతో భాగిస్తే వచ్చే సంఖ్యను సున్నతో గుణించినప్పుడు ఆరు రావాలి. అలాంటి సంఖ్య లేదు. సున్ననే సున్నతో భాగిస్తే ఏ సంఖ్య అయినా సరిపోతుంది. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికి జవాబులు లెక్కలేనన్ని. అందుకే ఆ పని నిషిద్ధం.

ఇక్కడ పొరబడినవారు సామాన్యులు కారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, ఒక సంఖ్యను సున్నతో భాగిస్తే అది మారకుండా ఉంటుందన్నాడు. ఈ మహావీరుడి ‘గణితసార సంగ్రహా’న్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంతటి పండితుడు చెప్పినా తప్పు తప్పే. పరిశీలించి సరిదిద్దుకోవడం వల్ల ఆయన గౌరవం తగ్గలేదు, గణితం ఎదిగింది.

ఇంకొక వింత చూడండి. మొయినాబాదు నుంచి చేవెళ్లకు వెళ్లే రోడ్డు పక్కన మర్రిచెట్లు ప్రసిద్ధం కదా. వాటన్నిటి ఎత్తూ ఒకటేనని ‘నిరూపిస్తాను’. ఒకే చెట్టున్న గుంపులో ఎత్తు ఒకటే, సందేహం లేదు. ఏ పది చెట్లను తీసుకున్నా ఎత్తు ఒకటే అనుకుందాం. ఇప్పుడు పదకొండు చెట్లను వరుసగా తీసుకోండి. చివరి చెట్టును వదిలేస్తే మిగిలిన పదీ ఒకే ఎత్తు. మొదటి చెట్టును వదిలేస్తే మిగిలిన పదీ ఒకే ఎత్తు. మధ్య చెట్లు రెండు గుంపుల్లోనూ ఉన్నాయి కనుక పదకొండూ ఒకే ఎత్తు! ఇలాగే ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, ఎన్నింటికైనా పోవచ్చునంటాను.

చెట్ల వైపు ఒకసారి చూస్తే చాలు, ఇది అబద్ధమని తెలుస్తుంది. కాని లోపం ఎక్కడ? పది నుంచి పదకొండుకు వెళ్లే మెట్టు గట్టిదే. విరిగింది ఒకటి నుంచి రెండుకు వెళ్లే మెట్టు. రెండే చెట్లున్నప్పుడు రెండు గుంపులనూ కలిపే ‘మధ్య చెట్టు’ లేదు. నిచ్చెనలో ఒక్క మెట్టు లేకపోయినా పైకి చేరలేం.

ఇవన్నీ కాలక్షేపానికి పనికివచ్చే చమత్కారాలేనా? కాదు. మా ప్రాంతంలో భూమిని గజాల్లో, గుంటల్లో లెక్కపెడతారు. నాలుగు భుజాల చేనుకు ఎదురెదురు భుజాల సగటులను గుణించి వైశాల్యం కట్టే తేలిక పద్ధతి ఒకటి ఉంది. నాలుగు వైపులా 60 గజాలున్న చేనుకు ఈ పద్ధతిలో 3600 చదరపు గజాలు వస్తాయి. కాని చేను ఒక పక్కకు వాలి, ఎదురెదురు మూలల మధ్య ఒక దూరం కూడా 60 గజాలే అయితే, అది రెండు సమబాహు త్రిభుజాలవుతుంది. అసలు వైశాల్యం సుమారు 3118 చదరపు గజాలే. తేడా 482. గుంటకు 121 చదరపు గజాల చొప్పున దాదాపు నాలుగు గుంటలు! మూలలన్నీ లంబకోణాలే అన్న ఊహ ఎవరికీ చెప్పకుండా లెక్కలో దూరింది. ఈ పద్ధతిని బ్రహ్మగుప్తుడు కూడా చెప్పాడు; అయితే ఇది స్థూల ఫలమని, సూక్ష్మ ఫలం వేరని స్పష్టంగా అన్నాడు. ఆ ఒక్క మాట మరిచిపోతే కొనేవాడు మోసపోతాడు.

జవాబు సరిగా వచ్చినంత మాత్రాన దారి సరైనదని కూడా నమ్మకండి. 16/64లో పైన, కింద ఉన్న ఆరును కొట్టివేస్తే 1/4 వస్తుంది. జవాబు ఒప్పే! అదే పద్ధతిలో 26/63 చేస్తే 2/3 వస్తుంది, అది తప్పు. మొదటి జవాబుకు మార్కులు వేసే ఉపాధ్యాయుడు విద్యార్థికి మేలు చేసినవాడు కాడు.

తప్పు దొరికినందుకు సిగ్గుపడనక్కరలేదు. ఏ దేశపటానికైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు రంగులు చాలునని 1879లో ఆల్ఫ్రెడ్ కెంప్ నిరూపణ ప్రకటించాడు. పదకొండేళ్లు దానిని ఒప్పుగానే భావించారు. 1890లో హీవుడ్ అందులో లోపం చూపాడు. అయినా కెంప్ పద్ధతితోనే అయిదు రంగులు చాలునని నిరూపించాడు. నాలుగు రంగుల నిరూపణకు కంప్యూటర్ సాయంతో 1976 దాకా ఆగవలసి వచ్చింది.

అందుచేత మీ పరీక్షల్లో ‘నిరూపించండి’ అన్న ప్రశ్న పక్కన ‘ఈ నిరూపణలో తప్పు పంక్తిని చూపి కారణం రాయండి’ అన్న ప్రశ్న కూడా ఉండాలి. అది వచ్చేవరకు మీరే మొదలుపెట్టండి. ప్రతి పంక్తి దగ్గరా ఆగి, ‘ఇది ఏ నియమం వల్ల వచ్చింది? ఆ నియమం ఇక్కడ వర్తిస్తుందా?’ అని అడగండి. పుస్తకంలో అచ్చయినా, మాస్టారు చెప్పినా అడగండి.

చివరగా మీకొక పని. పై లెక్క ఆరో పంక్తిలో 2గ = గ నుంచి 2 = 1కి వెళ్లాం. అక్కడ కూడా ఒక షరతు దాగి ఉంది. ‘గ’ విలువ ఎంతయితే 2గ = గ నిజమవుతుందో ఆలోచించండి. జవాబును కారణంతో సహా మీ లెక్కల మాస్టారికి చూపండి.